పిల్లలు రిపోర్టు ఇచ్చారు, జవాబు ఎవరిస్తారు?

చాలా రోజులుగా మనసులో ఉన్న మాట, ఇవాళ రాసేస్తున్నా. బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి జరుగుతోంది. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు తమ ఊళ్లో ఉన్న సమస్య ఒకటి తీసుకుని, ఇంటింటికీ తిరిగి, కొలిచి, లెక్కలు రాసి, రిపోర్టు తయారు చేస్తారు. చాలా గొప్ప ఆలోచన. మరి ఆ రిపోర్టు చివరికి ఎక్కడికి పోతోంది? పిల్లలకు ఒక సర్టిఫికెట్, ఒక మెమెంటో, పేపర్లో ఒక గ్రూప్ ఫోటో. చార్టులేమో చుట్టచుట్టి స్టాఫ్‌రూమ్ బీరువా మీద. ఏ ఊరి కోసం ఆ పిల్లలు ఎండలో తిరిగారో ఆ ఊరికి మాత్రం రిపోర్టు చేరదు. నా కోపమంతా అక్కడే.

నేను ఆంధ్రప్రదేశ్‌లో కనిగిరి వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మావి ఫ్లోరైడ్ ఊళ్లు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లావే. ఆ నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బు) ఉందని 1937లోనే వైద్య పత్రికలో అచ్చయింది. అంటే మా పిల్లల ముత్తాతల కాలం నుంచి తెలిసిన సంగతి. ఇన్నేళ్ల తర్వాత కూడా తొమ్మిదో తరగతి పిల్ల పళ్ల మీద గోధుమరంగు చారలు చూసి ‘సరిగ్గా తోముకోవా?’ అని అడిగే పెద్దవాళ్లున్నారు. ఆ పిల్ల నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

మా పిల్లలు చేసిన పని చెప్తాను. ఊళ్లో బోర్లు, బోరింగులు, ఓవర్‌హెడ్ ట్యాంకు, క్యాన్లు నింపే ఆర్వో ప్లాంటు, అన్నిచోట్లా నీళ్లు పట్టుకొచ్చారు. ఊళ్లోనే నీళ్లు పరీక్షించుకునే ఫీల్డ్ కిట్‌లో ఫ్లోరైడ్ చూడటం కష్టమేమీ కాదు. గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి చిన్న సీసాలోని ఎర్రటి మందు వేస్తే గులాబీ రంగు వస్తుంది, ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ ఆ రంగు పసుపులోకి తిరుగుతుంది. దాన్ని కార్డు మీది రంగుల పక్కన పెట్టి పోల్చుకోవాలి. గొడవ అక్కడే వచ్చింది. ఇది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు అని ఒకడు, కాదు రెండు అని ఇంకొకడు. అప్పుడు ఒకమ్మాయి ‘సార్, సీసా మీద బోరు పేరు కనిపిస్తుంటే ముందే అనుకున్న రంగే కళ్లకు కనిపిస్తోంది, పేర్లు తీసేసి నంబర్లు వేద్దాం’ అంది. వేశారు. నీళ్లు తెచ్చినవాళ్లు ఒకరు, రంగు చూసేవాళ్లు ఇంకొకరు. పెద్ద పెద్ద పరిశోధనల్లో వాడే పద్ధతి అది, ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు పర్వాలేదని మన దేశ ప్రమాణం. కొన్ని బోర్లు దాన్ని సులువుగా దాటేశాయి. అందులో ఆశ్చర్యం లేదు, మా నేల కింద ఉన్నది ఫ్లోరైడ్ ఉన్న రాయి, లోతుకు పోయిన కొద్దీ నీళ్లు ఆ రాతిలో ఎక్కువ కాలం నానుతాయి. పిల్లలు పట్టుకున్న అసలు సంగతి వేరే ఉంది. ఆర్వో ప్లాంటు వెనక ఒక పైపు. మంచినీళ్లు ముందు నుంచి క్యాన్లలోకి పోతాయి, వాటిలోంచి తీసేసిన ఉప్పూ ఫ్లోరైడూ మోసుకుని మిగతా నీళ్లు ఆ వెనక పైపులోంచి గుంటలోకి పోతాయి. ఆ గుంట పక్కనే పశువులు తాగే తొట్టి, దానికి కాస్త అవతల ఇంకో బోరు. ఆ పైపు నీళ్లు పరీక్షిస్తే గులాబీ రంగు జాడే లేదు, పూర్తిగా పసుపు. మేమందరం రోజూ ఆ దారినే పోతాం. ‘ఈ నీళ్లు ఎటు పోతున్నాయి?’ అని అడిగింది పిల్లలే.

ఇంకోటి, ఇంటింటికీ తిరిగినప్పుడు వాళ్లు విన్న మాటలు. ‘మేం కాచి తాగుతామమ్మా, మాకేం కాదు’ అని చాలామంది అన్నారు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ‘టీడీఎస్ మీటర్ పెట్టి చూశాం, తక్కువే ఉంది’ అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది, దానికి ఫ్లోరైడ్ విడిగా తెలియదు. ఇవన్నీ పిల్లలు ఆ గుమ్మాల్లోనే నిలబడి విడమర్చి చెప్పారు. ఎన్ని అవగాహన సదస్సులు పెడితే ఇంత పని జరుగుతుంది?

సరే, రిపోర్టు పట్టుకుని వెళ్లాం. ఒక ఆఫీసులో ‘బుద్ధిగా చదువుకోక ఈ గొడవంతా మీకెందుకమ్మా’ అన్నారు. పోటీలో ఒక జడ్జిగారు ‘ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏముంది?’ అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. లైట్లు వెలిగే థర్మోకోల్ మోడల్‌కు ప్రైజు ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ సొంత ఊరి నీళ్లలో ఏముందో తేల్చిన పిల్లలతో ఇందులో కొత్తేముందని ఎలా అంటాం?

పిల్లల లెక్కలు కచ్చితంగా ఉండవు అంటారు. ఉండకపోవచ్చు. అయితే మీ ల్యాబ్‌లో మళ్లీ చూడండి, తప్పైతే ఫలానా చోట తప్పని రాసివ్వండి, పిల్లలు దిద్దుకుంటారు. అసలు ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు ఇలాంటి కిట్లతోనే శిక్షణ ఇవ్వాలని ఉంది కదా! వాళ్ల చేతిలో పనికొచ్చే కిట్ పిల్లల చేతిలో ఎందుకు పనికిరాదు?

కాస్త పెద్ద పిల్లల సంగతి చూడండి. 2025 మార్చి చివర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు, అక్కడ ఏముందో లోకానికి గట్టిగా చెప్పగలిగింది ఎవరు? ఏళ్ల తరబడి ఆ చెట్ల మధ్య తిరిగి పక్షులనూ తాబేళ్లనూ సాలీళ్లనూ ఫోటోలు తీసి జాబితాలు రాసుకున్న యూనివర్సిటీ విద్యార్థులు, ప్రకృతి ప్రేమికులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. కోర్టు తన దారిన తను పరిశీలన చేయించింది, నిజమే. కానీ ‘అక్కడేముంది, ఖాళీ బంజరే కదా’ అనే మాట నిలబడకపోవడానికి ఆ జాబితాలు కూడా కారణమని నేను నమ్ముతాను. ఆ జాబితాలు ఎవరి పోటీ కోసమో తయారైనవి కావు.

అలాగని పిల్లల్ని ప్రతిదానికీ ముందుకు తోయమని అనడం లేదు. ఇసుక, క్వారీలు, ఫ్యాక్టరీ వ్యర్థాలు లాంటి వాటి జోలికి బడిపిల్లల్ని పంపడం తప్పు. అక్కడ పెద్దలు నిలబడాలి. ముందు టీచర్లు, తల్లిదండ్రులు నిలబడాలి.

నేను అడుగుతున్నది పెద్దదేం కాదు. పిల్లల రిపోర్టును గ్రామసభలో చదవనివ్వండి, సంబంధిత అధికారి సంతకంతో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, ఊళ్లో ప్రతి బోరు ఫలితం పంచాయతీ గోడ మీద రాయించండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 2005 నాటిది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, 30 రోజుల్లో సమాధానం రావాలి. మా ఊరి నీళ్ల పరీక్షల పాత ఫలితాలు ఇవ్వమని నా పేరుతో దరఖాస్తు పెట్టాను. పిల్లలు వాటిని తమ అంకెల పక్కన పెట్టి చూడాలని ఎదురుచూస్తున్నారు.

మీ బడిలో ఇలాంటి పని చేసిన పిల్లలుంటే ఆ రిపోర్టు ఫోటో తీసి కింద కామెంట్లో పెట్టండి, ఊరి పేరు రాయండి, పిల్లల పేర్లు వద్దు. కిట్ వాడటంలో ఏదైనా అనుమానం ఉంటే మెసేజ్ చేయండి. సాయంత్రం ఆరు తర్వాత ఖాళీగానే ఉంటాను.