ఖాకీతో కథ ముగిసిపోలేదు

బ్రిటన్ సైనికుల యూనిఫాంల మీద మీ వ్యాసం బాగుంది. కానీ 1901లో బ్రిటన్ యోమన్రీ దళాలు ఖాకీలోకి మారాయని చెప్పి అక్కడితో వదిలేశారు. వీళ్లు గుర్రాలెక్కే వాలంటీర్లు, చాలామంది పల్లెల రైతులూ భూస్వాముల పిల్లలూ. 1899 డిసెంబర్‌లో బోయర్ల (దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ డచ్ సంతతివాళ్ల) చేతిలో వరుస ఓటములు ఎదురయ్యాక ఇంపీరియల్ యోమన్రీని ఏర్పాటు చేసి దక్షిణాఫ్రికా పంపారు. ఒక పక్క అంచు పైకి మడిచి పిన్ పెట్టే స్లౌచ్ టోపీ ఫ్యాషన్ అయింది అక్కడినుంచే. యోమన్రీని కొత్తగా తీర్చిదిద్దిన 1901 చట్టం తర్వాత వాళ్లకు ప్రధాన ఆయుధం రైఫిల్. కత్తి పక్కకు పోయింది.

అయినా పాత మోజు పోతుందా? పెరేడ్‌లకు పాతకాలపు గుర్రపు దళాల తీరులో హుస్సార్ల బొచ్చు టోపీలు, డ్రాగూన్ల లోహపు హెల్మెట్లు, లాన్సర్ల నలుపలకల టోపీలు చాలా రెజిమెంట్లలో కొనసాగాయి. చర్చిల్ పనిచేసిన ఆక్స్‌ఫర్డ్‌షైర్ హుస్సార్ల ప్యాంట్లయితే ఊదా రంగువి! ఆఫీసర్లు వీటిని సొంత డబ్బుతో కుట్టించుకునేవారు కాబట్టి, జేబు బరువు కూడా యూనిఫాంలో భాగమే అనుకోవాలి. 1908లో యోమన్రీ, పార్ట్‌టైం వాలంటీర్ల సైన్యమైన టెరిటోరియల్ ఫోర్స్‌లో కలిశాక 'ఇంపీరియల్' అన్న మాట పోయింది. రంగుల మోజు మాత్రం 1914 దాకా అలాగే ఉంది. ఆ ఫొటోలు కూడా పెట్టి ఉంటే బాగుండేది.