నవ్వే ముందు కథంతా విన్నామా?

రెండేళ్ల కిందట మొహర్రం రోజుల్లో, నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో రొట్టె కోసం నిలబడిన ఒక పెద్దావిడని కదిలించాను. అక్కడి రొట్టెల పండగలో, కోరిక పేరుతో రొట్టె తీసుకుంటే అది తీరుతుందని నమ్మకం. మనవడి కోసం ఉద్యోగం రొట్టె తీసుకోను వచ్చింది. "రొట్టెతోనే ఉద్యోగమొస్తే ఇంక కోచింగులెందుకమ్మా?" అన్నాను. ఆమె పకపకా నవ్వింది. "చదవకపోతే రొట్టేం జేస్తాది అబ్బయా? వాడు చదివినాడు. చదివినోళ్లు వెయ్యిమంది, పోస్టులు పది. ఆ మిగతాదానికే ఈ రొట్టె."

నా అనుమానం ఆమెకి కొత్తేమీ కాదు. నాకంటే ముందే ఆలోచించి తన లెక్క తాను కట్టుకుంది. భక్తులకి అసలు ప్రశ్నే తట్టదని అనుకోవడం దగ్గరే నాలాంటి హేతువాదులు మొదటి తప్పు చేస్తారు.

అక్కడే ఒక కుర్రాడు దర్గా కథ మీద వెటకారం మొదలుపెట్టాడు. పన్నెండుగురు వీరుల తలలు గండవరం దగ్గర తెగిపడితే, మొండేలను గుర్రాలు ఈ చెరువుగట్టు దాకా మోసుకొచ్చాయని చెబుతారు. "తల లేనోడు కళ్లెం ఎట్టా పట్టినాడు?" అని అతను అడిగాడు. ప్రశ్నలో తప్పు లేదు. కానీ జవాబు అతనికి అక్కర్లేదు. కథ చెబుతున్న ముసలాయన మొహం చిన్నబోతే చాలు. ఆయన చెప్పడం ఆపేశాడు. నాకు బాధేసింది. ఆ కుర్రాడే కాసేపటి ముందు, రాహుకాలం దాటాక ఇంట్లోంచి బయల్దేరానని నాతో చెప్పాడు. తల ఒక్కటే మిగిలినవాడు రాహువు, మొండెం ఒక్కటే మిగిలినవాడు కేతువు. సొంతింటి కథ జోలికి పోకుండా పక్కింటి కథ మీదే నవ్వితే దాన్ని నేను హేతువాదం అనలేను.

వెక్కిరింతకి మన దగ్గర పాతకాలం నుంచీ ఒక చోటుంది. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి దూసుకొచ్చి మోటు హాస్యం ఆడతారు. బుర్రకథలో కథకుడి పక్కన హాస్యం చెప్పే వంత ఉంటాడు. మనకి తట్టిన సందేహాన్ని మనకంటే ముందే అడిగేస్తాడు. దానివల్ల రాముడికి లోటు రాలేదు, కథకీ రాలేదు. వాళ్లు తెల్లవార్లూ కథతోపాటే ఉంటారు, ఆ చనువు వాళ్లకి అలా వచ్చింది.

భక్తులకూ ఒక మాట చెప్పాలి. ప్రశ్న వినపడగానే పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తేవాళ్లున్నారు. 1927లో శిక్షాస్మృతిలో చేర్చిన 295ఎ సెక్షన్, ఇప్పుడు న్యాయ సంహితలో 299, బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానించడాన్నే నేరమంటుంది. తెలియకనో అజాగ్రత్తగానో అన్న మాట దాని కిందికి రాదని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 1976 సవరణ నుంచి రాజ్యాంగంలోనే ఉంది. అడిగే హక్కు ఉంది. ఎలా అడుగుతామన్న దగ్గరే నా పట్టుదలంతా.

ఆ పెద్దావిడని అడగాల్సిన అసలు ప్రశ్న మాత్రం నేను అడగలేదు. కోరిక తీరినవాళ్లు మరుసటేడు రొట్టె తెచ్చి, అదే కోరుకునేవాళ్లకి ఇస్తారు. తీరనివాళ్లు ఇవ్వడానికి రారు. అందుకని చెరువులో రొట్టె ఇస్తూ కనపడేవన్నీ తీరినవాళ్ల చేతులే. మనవడికి ఉద్యోగం రాకపోతే ఈ రొట్టె సంగతేందమ్మా అని ఆమె పక్కన కూర్చుని అడగాలని, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా వినాలని ఉంది.