దోర్దోన్ లోయలో రాళ్లు మిగిలాయి, మరి మనుషులు?

నవంబరు నెల. ఆరు కాకముందే చీకటి పడిపోయింది. నైరుతి ఫ్రాన్స్‌లో దోర్దోన్ నది ఒడ్డున లా రోక్ గజాక్ అని ఒక ఊరుంది. ఆ ఊరి గట్టు మీద నిలబడి, కొండ చరియకు వీపు ఆన్చి వరసలు వరసలుగా పైకెక్కిన ఇళ్లను చూస్తూ, దీపం ఉన్న కిటికీలు లెక్కపెట్టాను. పదకొండు. మిగతావన్నీ చెక్క రెక్కలు బిగించి ఉన్నాయి. ఎండాకాలంలో ఇదే గట్టు మీద కాలు పెట్టే సందు ఉండదు. కార్లు, పడవ టిక్కెట్ల కోసం క్యూలు, ఐస్‌క్రీమ్ దుకాణాలు. ఫోటోల్లో మనం చూసేది ఆ ఊరినే. నవంబరు ఊరిని ఎవరూ ఫోటో తీయరు.

ఈ లోయలో పది రోజులు తిరిగాక నాకు తేలిందొక్కటే. ఇక్కడి మధ్యయుగపు ఊళ్లను ఫ్రాన్స్ కాపాడుకున్న తీరుకు చేతులెత్తి మొక్కాలి. చట్టం చేసి, డబ్బు పోసి, దశాబ్దాల పాటు పట్టు వదలకుండా నిలబెట్టుకున్నారు. కానీ ఆ పట్టుదల రాళ్ల దగ్గరే ఆగిపోయింది. ఆ ఇళ్లలో సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య చలిలో పొయ్యి వెలిగించే మనుషుల దాకా రాలేదు. ఇప్పటికైనా రావాలి.

దోర్దోన్ మాసిఫ్ సెంట్రల్ కొండల్లో పుడుతుంది. 480 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, బోర్డో నగరానికి ఉత్తరాన గారోన్ నదితో కలిసి సముద్రం దారి పడుతుంది. ఈ నదీ పరీవాహక ప్రాంతం మొత్తాన్ని 2012లో యునెస్కో బయోస్ఫియర్ రిజర్వుగా గుర్తించింది. యాత్రికులు వెతుక్కుంటూ వచ్చేది మాత్రం దోమ్ నుంచి లిమోయ్ దాకా ఉన్న చిన్న ముక్క కోసం. నది మెలికలు తిరుగుతుంటే ప్రతి మెలిక దగ్గరా ఒక సున్నపురాయి కొండ, దాని కింద ఒక ఊరు, చాలాచోట్ల దాని నెత్తిన ఒక కోట. పారిస్ నుంచి రైలులో బోర్డో, అక్కడి నుంచి చిన్న రైలులో సార్లా చేరుకోవచ్చు. ఆ తర్వాత కారు లేకపోతే కష్టమే.

ఈ ఊళ్లను చూసి చందమామ కథలోంచి ఊడిపడ్డట్టున్నాయని మురిసిపోయే వాళ్లు ఎక్కువ. నాకు అలా అనిపించలేదు. ఇవి భయంతో కట్టుకున్న ఊళ్లు. బేనాక్ కోట నదికి దాదాపు 150 మీటర్ల ఎత్తున, నిలువు కొండ అంచు మీద ఉంటుంది. దాని గోడ దగ్గర నిలబడితే నదికి అవతల కాస్తెల్నో కోట కనిపిస్తుంది. 1152లో, ఈ లోయ కూడా కలిసి ఉన్న అక్విటేన్ సంస్థానానికి వారసురాలైన ఎలియనోర్, హెన్రీ ప్లాంటాజెనెట్‌ను పెళ్లాడింది. రెండేళ్లు తిరిగేసరికి అతను ఇంగ్లండ్ రాజయ్యాడు. ఆ ఒక్క పెళ్లితో ఈ ప్రాంతమంతా ఇద్దరు రాజుల తగాదా భూమి అయిపోయింది. 1337లో మొదలైన నూరేళ్ల యుద్ధంలో బేనాక్ ఫ్రాన్స్ పక్షం, కాస్తెల్నో చాలాకాలం ఇంగ్లండ్ పక్షం. నడుమ నది ఒక్కటే అడ్డు. పొద్దున లేస్తే శత్రువు ఇంటి పొయ్యి పొగ కనిపించేంత దగ్గర. చివరికి 1453 జూలై 17న ఇదే నది దిగువన, కాస్తియోన్ దగ్గర జరిగిన పోరుతో ఆ యుద్ధం ముగిసింది. కాస్తెల్నోలో ఇప్పుడు ఆనాటి యుద్ధ సామగ్రి మ్యూజియం ఉంది. బండరాళ్లు విసిరే భారీ యంత్రాలను మళ్లీ తయారుచేసి ప్రాకారం మీద నిలబెట్టారు. వాటి పక్కన పిల్లలు ఆడుకుంటుంటారు.

దోమ్ కథ వేరు. 1281లో ఫ్రాన్స్ రాజు మూడో ఫిలిప్ కొండ మీద ఈ ఊరిని కొత్తగా వేయించాడు. ఇలాంటి ఊళ్లను బస్తీద్ అంటారు. ముందే ప్లాను గీసి, వీధులు నిలువుగా అడ్డంగా కొలిచి, నడుమ సంత కోసం చోటు వదిలి కట్టిన ఊళ్లు. మన మాటల్లో చెప్పాలంటే లేఅవుట్. కొండ వంపు వల్ల దోమ్‌లో ఆ గీతలు కాస్త వంకర పోయాయి, అంతే. బస్తీద్‌లలో గమనించాల్సింది వీధుల కన్నా షరతులు. రండి, ఇక్కడ ఇల్లు కట్టుకోండి, స్థలం ఇస్తాం, కొన్ని పన్నులు మాఫీ చేస్తాం, సంత పెట్టుకోండి అని పాలకులు జనాన్ని పిలిచి కూర్చోబెట్టారు. గోడలు కట్టినంత మాత్రాన ఊరు కాదని ఆనాటి వాళ్లకు బాగా తెలుసు. ఈ సంగతి మళ్లీ ఎత్తుతాను.

అప్పట్లో ఈ ఊళ్లకు అన్నం పెట్టింది నదే. లా రోక్ గజాక్ గట్టు ఒకప్పుడు రేవు. గబార్ అని అడుగు చదునుగా ఉండే చెక్క పడవలుండేవి. ఎగువన అర్జాంతా వైపు అడవుల్లో కొట్టిన ఓక్ చెక్కను, ద్రాక్షతోటలకు కావలసిన చెస్ట్‌నట్ గుంజలను వాటిలో నింపి దిగువకు తోలేవారు. ఓక్ చెక్క వైన్ పీపాలకు. నీళ్లు మరీ తక్కువైతే పడవ రాళ్లకు తగులుతుంది, మరీ ఎక్కువైతే తిరగబడుతుంది. సరుకుకు అనువైన నీళ్లు ఏడాదిలో కొద్ది రోజులే ఉండేవి. ఆ రోజుల కోసం ఊరంతా కాచుకుని కూర్చునేది. ఇంకో సంగతి విన్నప్పుడు నా మనసు చివుక్కుమంది. ఎగువ నుంచి వచ్చిన పడవల్లో చాలా వాటికి తిరుగు ప్రయాణం లేదు. దిగువ రేవుల్లో సరుకుతో పాటు పడవను కూడా విప్పి కట్టెలకింద అమ్మేసి, పడవ వాళ్లు నడుచుకుంటూ ఇంటికి పోయేవారు. ఇప్పుడు అదే రూపంలో చేసిన గబార్లలో యాత్రికులను గంటసేపు తిప్పుతున్నారు. మనవాళ్లకు పాపికొండల లాంచీ గుర్తొస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో రైలు వచ్చింది, పడవ పోయింది. ఆ శతాబ్దం రెండో సగంలోనే ఫిలాక్సెరా పురుగు ద్రాక్షతోటలను తినేసింది. చేతికి పని లేక జనం పట్నాలకు వలసపోయారు. ఇక్కడ పెద్ద ఫ్యాక్టరీలు రాలేదు, పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునే స్తోమత ఎవరికీ లేదు. అంటే ఈరోజు మనం నోరు తెరిచి చూస్తున్న మధ్యయుగపు అందాన్ని మొదట కాపాడింది పేదరికం. ఇది చెప్పుకోవడానికి బాగుండదు గానీ నిజం. 1950ల నాటికి సార్లా పాతబస్తీలో గోడలు కూలుతున్నాయి, కప్పులు కారుతున్నాయి. ఇంకో ఇరవై ఏళ్లు అలాగే వదిలేసి ఉంటే మిగిలేది మట్టిదిబ్బే.

అప్పుడు వచ్చింది 1962 ఆగస్టు 4 నాటి చట్టం. సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్‌రో పేరుతోనే దాన్ని పిలుస్తారు. అంతకుముందు ఒక గుడినో కోటనో విడిగా కాపాడేవారు. చుట్టూ ఉన్న పాత ఇళ్లను మురికివాడలని చెప్పి నేలమట్టం చేసేవారు. మాల్‌రో చట్టం మొత్తం పేటనే ఒక కట్టడంగా చూసింది. సందూగొందూ, మెట్లూ, వాకిలీ అన్నీ కలిపి. ఆ చట్టాన్ని మొదట అమలు చేసి చూసిన ఊళ్లలో సార్లా ఒకటి.

దాని ఫలితం ఏమిటో నేను దిగిన గది కిటికీలోంచి కనిపించేది. పక్కింటి కప్పు దాదాపు చేతికందే దూరంలో ఉంది. పెంకు కాదు, రేకు కాదు, సున్నపురాయి పలకలు. లోజ్ అంటారు. కింది వరసలో మందంగా, వెడల్పుగా ఉంటాయి. పైకి పోయేకొద్దీ పలచబడి చిన్నవవుతాయి. సిమెంటు లేదు, ఒకదాని బరువు ఒకటి మోస్తూ కూర్చుంటాయి. సందుల్లో నాచు, దాని మీద మంచు బిందువులు. ఒక్క చదరపు మీటరు కప్పు వందల కిలోలు తూగుతుంది. అందుకే లోపల ఓక్ దూలాలు అంత లావుగా ఉంటాయి, గోడలు అంత మందంగా ఉంటాయి. ఇలాంటి కప్పు మార్చాలంటే ఆ పని తెలిసిన చెయ్యి కావాలి, ఓపిక కావాలి, బోలెడంత డబ్బు కావాలి. రేకు వేసేసుకుంటానంటే చట్టం ఒప్పుకోదు.

రక్షిత కట్టడానికి 500 మీటర్ల పరిధిలో, దానితో పాటు కంటపడే చోట ఏ మార్పు చేయాలన్నా ఫ్రాన్స్‌లో ప్రభుత్వ వాస్తుశిల్పి అనుమతి ఉండాలన్నది 1943 నుంచి ఉన్న నియమం. మన దేశంలో 2010 సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ రెండింటిలో తేడా దూరంలో కన్నా ఆలోచనలో ఉంది. మనం కంచె వేసి జనాన్ని దూరం జరుపుతాం. వాళ్లు జనాన్ని లోపలే ఉండనిచ్చి, ఎలా ఉండాలో చెబుతారు. వాళ్ల పద్ధతే మేలని నా అభిప్రాయం. కనీసం కాగితం మీద.

జనం చూడ్డానికి ఎగబడితే జరిగే చేటు కూడా ఈ లోయకు ముందే తెలుసు. దోర్దోన్‌లో లిమోయ్ దగ్గర కలిసే వెజేర్ నది ఒడ్డునే లాస్కో గుహ ఉంది. 1940లో బయటపడిన ఆ గుహలో వేల ఏళ్ల నాటి ఎద్దుల, గుర్రాల బొమ్మలున్నాయి. జనం తండోపతండాలుగా వచ్చారు. వాళ్ల ఊపిరికే గోడల మీద ఆకుపచ్చ నాచు పట్టింది. 1963లో గుహ మూసేయించింది కూడా మాల్‌రోనే. ఇప్పుడు యాత్రికులు చూసేది నకలు గుహను. బొమ్మలకు నకలు చేయగలరు సరే, ఊరికి నకలు ఎలా చేస్తారు?

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇదే నది ఎగువన కథ పూర్తిగా తలకిందులు. 1930ల నుంచి 1950ల దాకా అక్కడ కరెంటు కోసం వరసగా డ్యాములు కట్టారు. బోర్ లెజ్ ఓర్గ్ డ్యాము ఎత్తే దాదాపు 120 మీటర్లు. నోజెనాక్ లాంటి ఊళ్లు నీళ్ల కిందికి పోయాయి. లోయకు ఎంతో ఎత్తున కట్టిన వాల్ కోట అంచుల దాకా నీళ్లొచ్చి, ఇప్పుడు చెరువులో దీవిలా కనిపిస్తుంది. దిగువ ఊళ్లు పోస్టుకార్డులకెక్కిన దేశంలోనే, అదే నది మీద ఎగువ ఊళ్లు మ్యాపులోంచి చెరిగిపోయాయి. నాగార్జున సాగరం, శ్రీశైలం, పోలవరం చూసిన తెలుగువాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నాగార్జునకొండ శిథిలాలను, సంగమేశ్వరుడి గుడిని మనం విప్పి తెచ్చి వేరేచోట పేర్చుకున్నాం. ముంపు ఊళ్ల జనాన్ని మాత్రం అంత జాగ్రత్తగా పేర్చలేదు.

1982లో ‘ఫ్రాన్స్‌లో అతి అందమైన గ్రామాలు’ అనే సంఘం పుట్టింది. కొలోంజ్ లా రూజ్ మేయర్ షార్ల్ సేరాక్ చొరవ అది. జనాభా 2,000కు మించకూడదు, కనీసం రెండు రక్షిత కట్టడాలో స్థలాలో ఉండాలి. బేనాక్, కాస్తెల్నో, లా రోక్ గజాక్, దోమ్, లిమోయ్ అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ బోర్డు తగిలితే యాత్రికులు వస్తారు, యాత్రికులతో డబ్బు వస్తుంది, దాంతో కప్పులు బాగవుతాయి. నేను దీన్ని తక్కువ చేయను. కూలే గోడను నిలబెట్టిన డబ్బు మంచి డబ్బే. కానీ అదే డబ్బు ఇంటి ధరను కూడా పెంచింది. పారిస్ వాళ్లు, ఇంగ్లండ్ వాళ్లు వచ్చి సెలవుల ఇళ్లుగా కొనుక్కున్నారు, మిగిలినవి వారాల లెక్కన అద్దెకు పోతున్నాయి. రొట్టెల దుకాణంలో పనిచేసే కుర్రాడికి, పడవ నడిపే మనిషికి ఊళ్లో ఇల్లు దొరకదు.

బేనాక్ రోడ్డు గొడవలో ఈ చిక్కంతా బయటపడింది. ఊరి కింద, కొండకీ నదికీ మధ్య ఇరుకు రోడ్డు. వేసవిలో లారీలు, కార్లు, బస్సులు అన్నీ అందులోనే. జిల్లా పాలకులు నదిపై రెండు వంతెనలతో బైపాస్ తలపెట్టి 2018లో పనులు మొదలుపెట్టారు. కోటల నడుమ లోయ పాడవుతుందని, నదిలో జీవజాలం దెబ్బతింటుందని వ్యతిరేకులు కోర్టుకెక్కారు. ఆ ఏడాది చివరికే పనులు ఆగాయి. 2019లో బోర్డో కోర్టులు అనుమతి రద్దు చేసి, కట్టినదాన్ని తొలగించమన్నాయి. 2020లో అత్యున్నత పాలనా న్యాయస్థానంలోనూ జిల్లాకు ఊరట దొరకలేదు. మొండి స్తంభాలు మాత్రం ఏళ్ల తరబడి నది నడుమ నిలబడిపోయాయి.

తీర్పు సరైనదేనని నేను నమ్ముతున్నాను. ఆ మెలికలో ఒకసారి కాంక్రీటు వేస్తే మళ్లీ తీయడం ఎంత కష్టమో ఆ స్తంభాలే చెప్పాయి. అయితే కిటికీ కింద లారీ పోతుంటే నిద్ర పట్టని బేనాక్ మనిషికి ఆ తీర్పులో జవాబు లేదు. కొండ మీద నుంచి చూసేవాడి లోయకు లాయర్లు దొరికారు. రోడ్డు పక్కన బతికేవాడి లోయకు బైపాస్ తప్ప వేరే దారి ఎవరూ చూపలేదు. వేసవిలో ఊరి బయటే కార్లు ఆపించి చిన్న బస్సులు తిప్పడం, లారీలను వేరే దారి పట్టించడం లాంటివి బైపాస్‌కు పెట్టినంత పట్టుదలతో చేసి చూడాలి.

2024 నవంబరులో ఫ్రాన్స్ ఒక చట్టం చేసింది. సెలవుల అద్దెలకు పన్ను రాయితీ తగ్గించింది. సొంతంగా ఉండే ఇంటిని యాత్రికులకు అద్దెకిచ్చే రోజులను ఏడాదికి 90కి కుదించే అధికారం స్థానిక పాలకులకిచ్చింది. రెండో ఇళ్లు మరీ ఎక్కువైన చోట, కొత్తగా కట్టే ఇళ్లు కాపురం ఉండేవాళ్లకే చెందాలని షరతు పెట్టే వీలూ కల్పించింది. మంచిదే. కానీ కొండ చరియకు అతుక్కున్న ఊళ్లో కొత్త ఇల్లు కట్టడానికి చోటేది? ఉన్న పాత ఇళ్లలోకి మనిషి రావాలి. దోమ్‌లో 1281లో రాజు చేసిన పనే ఇప్పుడు చేయాలి. ఖాళీ ఇళ్లను ఊరి పాలకవర్గాలు కొని, ఏడాది పొడుగునా ఉంటామనే వాళ్లకు తక్కువ అద్దెకివ్వాలి. లోజ్ కప్పు బాగుచేయించుకోవడానికి ఇచ్చే ప్రజాధనానికి ఇంట్లో ఎవరో ఒకరు కాపురం ఉండాలనే షరతు కలపాలి. రేకు వేయకూడదని శాసించగలిగిన రాజ్యానికి ఇది చేతకాదంటే నేను ఒప్పుకోను.

లా రోక్ గజాక్ వాళ్లకు కొండ కింద బతకడమంటే ఏమిటో తెలుసు. 1957 జనవరిలో కొండ చరియ విరిగి ఇళ్ల మీద పడి ముగ్గురు చనిపోయారు. అయినా ఊరు వదలలేదు. మళ్లీ కట్టుకున్నారు.

మర్నాడు పొద్దున ఏడున్నరకు గట్టు మీదికి వచ్చాను. నది మీద మంచు ఇంకా విడలేదు. స్కూలు బస్సు వచ్చి ఆగింది. వీపుకి సంచీ తగిలించుకున్న ఒక పిల్లవాడు మెట్ల సందులోంచి పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కాడు. డ్రైవరు కాసేపు ఆ సందువైపే చూసి, ఇంకెవరూ రాకపోయేసరికి తలుపు వేశాడు. పైన వాళ్ల వంటగదిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. రాత్రి నేను లెక్కపెట్టిన పదకొండింటిలో అదొకటి.