పర్-సీపీయూ కౌంటర్‌కి లాక్ అక్కర్లేదని పిల్లలకు అంతటితో చెప్పి వదిలేయకండి

నిన్న రాత్రి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. అనంతపురంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. "మామా, ఇంటర్వ్యూ పోయింది" అన్నాడు. ఏం అడిగారురా అంటే, ప్రతి ప్రాసెసర్ కోర్‌కీ విడిగా ఒక కౌంటర్ ఉంది, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు గుండెకాయ) కోడ్‌లో దాన్ని మామూలుగా ప్లస్ ప్లస్ చేస్తే, అంటే ఒకటి పెంచితే, లెక్క తప్పుతుందా అని అడిగారట. వీడు "తప్పదు సార్, ఎవరి కౌంటర్ వాళ్లదే కదా, లాక్ అక్కర్లేదు" అన్నాడట. లాక్ అంటే ఒకరు పెంచుతుండగా ఇంకొకరు ముట్టుకోకుండా వేసే అడ్డు. వాడిని ఏమనను? క్లాసులో రాయించిన నోట్స్ ఫోటో తీసి పంపాడు, అందులో అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది. పన్నెండేళ్లుగా డ్రైవర్లు రాస్తున్నాను, ఈ ముక్క కనిపించినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. అందులో కొంత నిజం ఉంది కాబట్టే ఎవరూ ఎదురు అడగరు.

ఆ నిజమేంటో ముందు చెప్తాను. మా నాయన ఆదోని మార్కెట్ యార్డులో గుమస్తాగా చేసేవాడు. వేరుశనగ దిగే రోజుల్లో నాలుగు కాటాలు ఒకేసారి నడిచేవి. నాలుగింటికీ ఒకే చిట్టా పెడితే ప్రతి మూటకీ పుస్తకం ఎక్కడుందో వెతుక్కోవాలి, తూకం ఆగిపోతుంది. అందుకే కాటాకొక చిట్టా, సాయంత్రం నాలుగూ కలిపి కూడేవాళ్లు. కోర్‌కొక కౌంటర్ పెట్టేదీ అందుకే. అందరూ ఒకే కౌంటర్‌ని అటామిక్‌గా, అంటే మధ్యలో ఎవరూ దూరకుండా ఒకే దెబ్బలో, పెంచితే లెక్క తప్పదు గానీ, ఆ కౌంటర్ ఉన్న క్యాష్ లైన్ (ప్రాసెసర్ మెమరీ నుంచి ఒకేసారి తెచ్చుకునే ముక్క, మన ల్యాప్‌టాప్‌లలో మామూలుగా 64 బైట్లు) ప్రతిసారీ ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి తిరుగుతూనే ఉంటుంది. సెకనుకి లక్షల ప్యాకెట్లు వచ్చే చోట అది కుదరదు.

చిట్టా కాటాదే, సరే. గుమస్తా కాటాకి కట్టేసిన మనిషి కాదు కదా! షావుకారు పిలిస్తే మధ్యలో లేచి పోతాడు, ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ప్రీఎంప్షన్ అంటే ఇదే. మీ కోడ్ కెర్నల్ లోపల నడుస్తున్నా సరే, ప్రీఎంప్షన్ ఆన్‌లో ఉంటే, ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించే షెడ్యూలర్ దాన్ని ఏ రెండు ఇన్‌స్ట్రక్షన్ల మధ్యనైనా పక్కన పెట్టగలదు.

ఆర్మ్ లాంటి ప్రాసెసర్ మీద ప్లస్ ప్లస్ అంటే మామూలుగా మూడు పనులు: విలువ తెచ్చుకోవడం, ఒకటి కలపడం, తిరిగి రాయడం. మీ టాస్క్ 41 అని తెచ్చుకుంది. రాసేలోపు షెడ్యూలర్ దాన్ని దింపి అదే కోర్ మీద ఇంకో టాస్క్‌ని ఎక్కించింది. ఆ టాస్క్ 500 ప్యాకెట్లు పంపింది, కౌంటర్ 541కి చేరింది. మళ్లీ మీ టాస్క్ వంతు వచ్చింది. దాని రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న గూటిలో) ఉన్నది ఇంకా 41 కాబట్టి ఒకటి కలిపి 42 రాసేసింది. పిల్లలు మహా అయితే ఒకటి పోతుందనుకుంటారు, ఇక్కడ పోయినవి 500! ఇంకో రకం కూడా ఉంది. 0వ కోర్ మీద కౌంటర్ అడ్రస్ లెక్కకట్టుకున్న టాస్క్ లేచేసరికి 2వ కోర్ మీద ఉంటుంది, చేతిలో మాత్రం పాత అడ్రసే. ఇప్పుడు ఒకే కౌంటర్‌ని ఇద్దరు కొడుతున్నారు, లాక్ లేదు. టాస్క్ వేరే కోర్‌కి పోకుండా మైగ్రేషన్ ఆపితే చాలు కదా అంటారు కొందరు. చాలదు, పైన చెప్పిన 500 పోయింది ఒకే కోర్ మీద. ఆ కౌంటర్‌నే ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ పిలిస్తే నడుస్తున్న పని మధ్యలో దూరే కోడ్) కూడా పెంచుతుంటే ప్రీఎంప్షన్ ఆపినా చాలదు.

దీనికి మందు లైనక్స్‌లో 2010 నాటి నుంచీ ఉంది: దిస్_సీపీయూ_ఇంక్. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మీద ఇది ఒక్క ఇన్‌స్ట్రక్షన్. జీఎస్ సెగ్మెంట్ (ప్రతి కోర్‌కీ దాని సొంత డేటా ఎక్కడుందో చూపే రిజిస్టర్) ఆధారంగా ఈ కోర్ కౌంటర్ ఎక్కడుందో చూసుకోవడం, పెంచడం రెండూ అందులోనే అయిపోతాయి, మధ్యలో ఇంటరప్ట్ దూరే సందు లేదు. వేరే కోర్ రాయదు కాబట్టి ఇన్‌స్ట్రక్షన్‌ని కోర్లన్నిటికీ అటామిక్ చేసే లాక్ ప్రిఫిక్స్ కూడా వద్దు. ఆర్మ్ 64లో అదే పేరుతో పిలిస్తే ప్రీఎంప్షన్ ఆపి, అటామిక్‌గా పెంచి, మళ్లీ వదులుతుంది.

ముందు రెండు అండర్‌స్కోర్లు ఉన్న అదే పేరు ఇంకొకటి ఉంది చూడండి, నన్ను మూడు రోజులు నిద్రపోనివ్వనిది అదే. "రక్షణ నేను చూసుకుంటాను, నువ్వు ఊరికే పెంచు" అని దానర్థం. అప్పట్లో మా టీమ్‌లో స్పీడ్ కోసమని అందరం అదే వాడేవాళ్లం. ల్యాప్‌టాప్ మీద అన్ని టెస్టులూ పాస్, ఆర్మ్ బోర్డు మీద మాత్రం మా ప్యాకెట్ల లెక్క, నెట్‌వర్క్ కార్డు చెప్పే లెక్క కలవవు. చివరికి రెండు బైనరీలనూ అసెంబ్లీలో పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమైంది. ల్యాప్‌టాప్ మీద అండర్‌స్కోర్లు ఉన్నా లేకపోయినా వచ్చేది అదే ఒక్క ఇన్‌స్ట్రక్షన్, అంటే అక్కడ కలిసొచ్చిన స్పీడ్ ఏమీ లేదు. ఆర్మ్ మీద మాత్రం తెచ్చుకో, కలుపు, రాయి అని మూడు ముక్కలు. డీబగ్ ప్రీఎంప్ట్ ఆప్షన్ పెట్టుకుని కెర్నల్ బిల్డ్ చేసుంటే మొదటి రోజే వార్నింగ్ వచ్చేది. అందుకే ఇప్పుడు నా దగ్గరకు రివ్యూకి వచ్చిన కోడ్‌లో ఆ రెండు గీతలు కనిపిస్తే, పైన కామెంట్‌లో కారణం రాయకపోతే నేను ఒప్పుకోను. టెన్షన్ పడి కనిపించిన చోటల్లా ప్రీఎంప్షన్ ఆపేసే వాళ్లతోనూ నాకు గొడవే, దానివల్ల అర్జంటు పనులకు వంతు ఆలస్యమవుతుంది.

ఇది పాత గొడవ కదా అని తీసిపారేయొద్దు. 2024 నవంబరులో వచ్చిన లైనక్స్ 6.12తో రియల్ టైమ్ ప్రీఎంప్షన్ (అర్జంటు పనికి వెంటనే వంతు ఇచ్చే మోడ్) అసలు కెర్నల్‌లోనే కలిసిపోయింది. ఆ మోడ్‌లో మామూలు స్పిన్‌లాక్ (కెర్నల్‌లో వాడే ఒక రకం లాక్) పట్టుకున్నా ప్రీఎంప్షన్ ఆగదు, మైగ్రేషన్ మాత్రమే ఆగుతుంది. "స్పిన్‌లాక్ లోపల ఉన్నాం కదా" అనే ధీమాతో రాసిన పాత కోడ్ ఎంతుందో వెతికి చూడాల్సిందే.

మావాడికి రాత్రే చెప్పాను. బూట్ లైన్‌లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు చదివే ఆప్షన్లలో) ప్రీఎంప్ట్ ఈక్వల్స్ ఫుల్ అని పెట్టుకో, ఒకే కోర్ మీద రెండు కెర్నల్ థ్రెడ్లు నడుపు, ఒక్కోటి 100 కోట్లసార్లు పెంచాలి, చదవడం ఒక లైన్‌లో, రాయడం ఇంకో లైన్‌లో పెట్టు, కంపైలర్ రెండూ కలిపేయకుండా చూసుకో అన్నాను. పొద్దున ఆరింటికే మెసేజ్: "మామా, 200 కోట్లు రావాలి కదా, రావట్లేదు. ఎంత తగ్గిందో కూడా ప్రతిసారీ మారుతోంది."

ఆ పరీక్ష నడిపే కెర్నల్ మాడ్యూల్ చిన్నదే. కర్నూలు, కడప, అనంతపురం కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే సార్లు, మేడమ్‌లు ఎవరికి కావాలన్నా పంపుతాను. ల్యాబ్‌లో నాలుగు సిస్టమ్‌లు ఇస్తే ఏదో ఒక శనివారం బస్సెక్కి వచ్చి పిల్లల ముందే నడిపి చూపిస్తాను.