బోనస్ ట్రాకులు లెక్కపెట్టడం ఆపండి, పాడిందెవరో చూడండి

పాత ఆల్బమ్ మళ్లీ వచ్చిందనగానే "బోనస్ ట్రాకులు ఎన్ని?" అని అడగడం మనవాళ్లకు అలవాటైపోయింది. అమెరికన్ రాక్ బృందం బర్డ్స్ 1968లో తెచ్చిన 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో' విషయంలో ఆ ప్రశ్న శుద్ధ దండగ. అడగాల్సింది ఒకటే: ఈ డిస్కులో ఆ మూడు పాటలు పాడిందెవరు?

'ద క్రిస్టియన్ లైఫ్', 'యూ డోంట్ మిస్ యువర్ వాటర్', 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఫ్రమ్ నౌ'. మూడూ ముందు, బృందంలో కొత్తగా చేరిన గ్రామ్ పార్సన్స్ గొంతులో రికార్డయ్యాయి. అతనికేమో అప్పటికే లీ హేజిల్‌వుడ్ రికార్డు కంపెనీతో ఒప్పందం ఉంది. పేచీ మొదలయ్యాక అతని గొంతు తీసేసి, మొదటి రెండింట్లో బృందంలోని రోజర్ మెగ్విన్‌తో, మూడోదాంట్లో మెగ్విన్, క్రిస్ హిల్‌మన్‌లతో పాడించారు. అసలు కారణం ఒప్పందమేనా, పార్సన్స్ జోరు తగ్గించడమా అన్న వాదన ఇంకా తెగలేదు. 'హికరీ విండ్'తో పాటు మరో రెండు మాత్రం అతని గొంతుతోనే బయటికొచ్చాయి.

తేడా చిన్నదేం కాదు. 'ద క్రిస్టియన్ లైఫ్'లో మెగ్విన్ దక్షిణాది యాసను సాగదీసి సాగదీసి పాడతాడు, వెక్కిరిస్తున్నాడేమో అనిపించేంతగా. పార్సన్స్ అదే పాటను నమ్మి పాడాడు. వెనక స్టీల్ గిటార్ అదే, తాళం అదే, పాట మాత్రం వేరు. రెండూ పక్కపక్కన వినకుండా ఈ ఆల్బమ్ మీద తీర్పులు చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

పార్సన్స్ పాడిన ఆ గొంతు 1990లో వచ్చిన నాలుగు సీడీల బర్డ్స్ బాక్సులో బయటపడింది. ఈ ఆల్బమ్‌నే మళ్లీ తెచ్చిన 1997 సింగిల్ సీడీలో ఒరిజినల్ 11 పాటలకు 8 కలిపారు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అందులో 'ద క్రిస్టియన్ లైఫ్' రెండోసారి కనిపిస్తుంది, కానీ పక్కన 'రిహార్సల్' అని ఉంటుంది. అంటే పార్సన్స్ సాధన చేస్తున్న టేకు, పూర్తయిన పాట కాదు. ఆ సీడీ చివరి ట్రాకులో సంగీతం ఆగాక కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత అప్పటి రేడియో ప్రకటన ఉంటుంది. రిప్ చేసి, అంటే కంప్యూటర్‌లోకి ఎక్కించి, చూసి ట్రాకు పాడైందనుకోకండి.

పూర్తయిన ఆ మూడు పాటలు కావాలంటే 2003 లెగసీ ఎడిషన్, రెండు సీడీలది. మూడూ మొదటి సీడీలోనే ఉంటాయి. రెండో సీడీ మొదట్లో పార్సన్స్ పాత బృందం ఇంటర్నేషనల్ సబ్‌మరీన్ బ్యాండ్ పాటలు ఆరు, మిగతావి రిహార్సళ్లు, వేరే టేకులు. ఆ ఆరూ పదేపదే వినొచ్చు. మిగతావి ఒకసారి వింటే చాలు, అవి డబ్బా నింపడానికి పెట్టినవే.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు కవరు ఫోటో ఒక్కటే చూసి డబ్బు పంపొద్దు. రెండు సీడీల పైభాగం, అడుగుభాగం, వెనక అట్ట మీది ట్రాకుల జాబితా అన్నీ ఫోటో తీసి పంపమనండి. ఒకే డిస్కు మిగిలిన సెట్టును కూడా మొత్తం ఎడిషన్ పేరుతో అమ్ముతుంటారు. అట్ట మీద ఆ మూడు పాటల పక్కన 'గ్రామ్ పార్సన్స్ వోకల్' అని లేకపోతే మీకు కావాల్సింది అది కాదు.

రిప్ చేశాక ఇంకో తలనొప్పి. ఆన్‌లైన్ డేటాబేస్ పాట పేరు తెస్తుంది గానీ, ఏ వెర్షనో ఒక్కోసారి తేదు. ఒకే పేరుతో రెండు ఫైళ్లు పడితే కొన్ని ప్లేయర్లు డూప్లికేట్ అని ఒకదాన్ని దాచేస్తాయి. టైటిల్‌లోనే పాడినవారి పేరు చేర్చేయండి.

ఇక ఎల్పీలు, అంటే వినైల్ రికార్డులు. 180 గ్రాముల స్టిక్కర్ చూసి ఎక్కువ పెట్టకండి. రికార్డు మందం పెరిగితే గాడి లోతు పెరగదు. శబ్దాన్ని తేల్చేది ఏ టేపు నుంచి, ఎవరు గాడి కట్ చేశారన్నది. ఆ వివరం స్టిక్కర్ మీద లేకపోతే అమ్మేవాడిని అడగండి. అట్ట వెనక 11 పాటలే ఉంటే ఆ మూడింట్లో పార్సన్స్ పాడిన వెర్షన్ ఉండదు, అది ఎన్ని గ్రాములైనా సరే.