వరుసలు నిర్ణయించే అల్గారిథం వారి దివ్యసముఖానికి

శ్రీకాకుళం,
ఏడు రోడ్ల కూడలి దగ్గరి మేడ గది నుంచి.

మహారాజశ్రీ అల్గారిథం గారికి,

మా మావయ్య అమ్మే పొందూరు ఖద్దరుకు ఆన్‌లైన్‌లో గిరాకీ తెచ్చే పని నెత్తిన వేసుకుని, తమరి కటాక్షం కోసం ఆరేళ్ళుగా కాచుకుని ఉన్న నేను, ఇక మొహమాటం విడిచి ఈ ఉత్తరం రాస్తున్నాను. వెతుకులాటకు ఒకరు, రీళ్ళకు ఒకరు, వీడియోలకు ఒకరుగా తమరి వంశం చాలా పెద్దది. అందులో ఎవరి చేతి మీదుగా నాకు ఏ కష్టం వచ్చిందో పేరు పెట్టి చెప్పి, తమలో తమకు తగవు పెట్టడం నా ఉద్దేశం కాదు. ఎవరికి తగిలితే వారే తీసుకోగలరు.

తమరి వంశంలో పెద్దవారి పద్ధతి మా ఊళ్ళకు సులువుగానే అర్థమయ్యేది. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను స్థాపించినప్పుడు, ఒక పేజీకి ఎంతమంది లింకు ఇచ్చారు, ఆ ఇచ్చినవారి పరువు ఎంత అన్న దాన్నిబట్టి దాని విలువ కట్టేవారు. పెళ్ళి సంబంధం వాకబు చేసేటప్పుడు మావాళ్ళు చేసేదీ అదే. నలుగురినీ అడుగుతారు, ఆ నలుగురిలో పెద్దమనిషి మాటకు బరువు ఎక్కువ ఇస్తారు. అయితే సాక్ష్యానికి విలువ ఉందని తెలిసిన మరుక్షణం దొంగసాక్షులు పుడతారని కోర్టు గుమ్మం తొక్కిన ఎవరికైనా తెలుసు. లింకులు తోటలుగా మొలిచాయి. తెల్లని పేజీ మీద తెల్లని అక్షరాలతో, మనిషికి కనపడకుండా తమరికి మాత్రమే కనపడేలా మాటలు గుప్పించారు. అప్పుడు పెద్దవారికి కోపం వచ్చి, తమ లెక్కల సవరణలకు జంతువుల పేర్లు పెట్టి, పస లేని పేజీల మీదికి 2011లో పాండాను, కొనుక్కున్న లింకుల మీదికి 2012లో పెంగ్విన్‌ను వదిలారు. మా ఉద్దానంలో ఎలుగుబంటి జీడితోటల్లోకి దిగితే ఊరందరికీ చెప్పి జాగ్రత్తపడతాం. తమరి జంతువులు దిగిన సంగతి మాత్రం పొద్దున్న లేచి, తోట పోయాక తెలుసుకోవాలి.

ఈ చరిత్ర అంతా నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే నగరంలోని ఒక సంస్థవారు అయిదువందల లింకులు అమ్ముతామంటే డబ్బు కట్టేశాను. వచ్చిన లింకులు చూస్తే, ఎక్కడో పాత టైర్ల గురించి రాసిన పేజీలో, రెండు టైర్ల మధ్య, మా పంచెల పేరు ఉంది. మావయ్యకు చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "టైరు కొన్నోడు పంచె ఎందుకు కొంటాడల్లుడా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేక, అది సాంకేతిక విషయమని చెప్పి తప్పించుకున్నాను.

తరువాత ఒక గురువు దగ్గర ఆన్‌లైన్ పాఠాలు విన్నాను. ర్యాంకు ఇవ్వడానికి, పేజీ కోడులో పైకి కనపడకుండా చేర్చే మెటా కీవర్డ్‌లను చూడబోమని గూగుల్‌వారు 2009లోనే ప్రకటించినా, మా గురువు ఇప్పటికీ ఆ అధ్యాయాన్ని భక్తిగా బోధిస్తున్నారు. ఆయన చెప్పినట్టే కీలకపదాన్ని, అంటే జనం వెతుకుతారనుకునే మాటను, ప్రతి వాక్యంలోనూ వచ్చేలా అల్లి, దుకాణం మొదటి పేజీని ఇలా రాశాను: "మేలైన పొందూరు ఖద్దరు కావాలంటే, పొందూరు ఖద్దరుకు పేరుపొందిన మా పొందూరు ఖద్దరు దుకాణంలో మేలైన పొందూరు ఖద్దరు పంచెలు దొరుకుతాయి." మావయ్య దీన్ని పైకి చదివించుకుని, "ఏటల్లుడా, దీనికి నత్తి గాని వచ్చిందా?" అని అడిగాడు. తమరు ఆ నత్తిని కొంతకాలం మెచ్చుకున్నారు కూడా. ఆ మాట దాచడం న్యాయం కాదు.

అసలు ఆ బట్ట గురించి చెప్పవలసిందేమిటో తమరికి తెలుసా? పొందూరులో పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ వాడతారు. రంపం అంచులా సన్నని పళ్ళున్న ఆ దవడను వేళ్ళ మధ్య పట్టుకుని, గింజను అంటిపెట్టుకున్న పత్తిని దువ్వుతుంటే, నలుసులు రాలిపోయి పోగు పొగలా లేస్తుంది. ఆ దూదితో చరఖా మీద నూరో నంబరు నూలు వడుకుతారు. గాంధీజీ మెచ్చిన సన్నదనం అక్కడ మొదలవుతుంది. ఇది రాద్దామని కీలకపదాల పట్టికలో వెతికితే, మావాళ్ళు నోరారా అనే "సన్న ఖద్దరు"ను ఎవరూ వెతకడం లేదనీ, దాని బదులు "కాటన్ ధోతీ ఆఫర్" అని రాయమనీ సలహా వచ్చింది. ఊరి పేరును ఇంగ్లిషు అక్షరాల్లో జనం ఎన్ని విధాలుగా కొడతారో చూసి, ఆ తప్పులన్నింటినీ కూడా పేజీలో చేర్చాను. తమరి కోసం సొంత ఊరి పేరునే తప్పుగా రాసినవాణ్ణి నేను.

2022 ఆగస్టులో "మనుషుల కోసం రాయండి" అని గూగుల్‌వారు సెలవిచ్చినప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మనుషుల కోసం ఎలా రాయాలో మా గురువు వెంటనే కొత్త కోర్సు పెట్టారు, దానికీ రుసుము కట్టాను. అదే ఏడాది డిసెంబరులో పేజీల నాణ్యత చూసే కొలతల్లో స్వానుభవాన్ని కూడా చేర్చారు. మావయ్యకు నలభై ఏళ్ళ అనుభవం ఉంది, కానీ ఆయనకు టైపు చేయడం రాదు. పొందూరు దారి తొక్కనివారెవరో "మా అనుభవంలో" అంటూ మొదలుపెట్టి రాసిన పేజీ, మరమగ్గం బట్ట బొమ్మతో సహా, ఈనాటికీ మాకంటే పైనే ఉంది.

ఇక రీళ్ళ సంగతి. 2020 జూన్ చివర టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించాక, ఆ జనమంతా రీళ్ళ మీద పడ్డారని విని నేనూ దూకాను. మొదటి మూడు సెకన్లలో చూసేవాణ్ణి పట్టుకోవాలని అందరూ అంటే, పంచె కంటే చేప దవడే పట్టుకుంటుందనిపించి, మా వడికే అక్క పత్తి దువ్వుతున్న దృశ్యం తీసి, అప్పుడు ఊరంతా మోగుతున్న పాట తగిలించి, ముప్ఫై హ్యాష్‌ట్యాగులతో వదిలాను. తమరి వంశంలో ఎవరో దాన్ని మొదటిసారిగా కరుణించారు. కరుణించి, తీసుకువెళ్ళి చేపల కూరలు చూసేవారి ముందు పెట్టారు. మర్నాటి నుంచి దుకాణం ఫోను ఆగలేదు. "వాలుగ కిలో ఎంతండీ? ముక్కలు కొట్టి పంపిస్తారా?" మావయ్య ప్రతివారికీ ఓపికగా, "దవడొక్కటే ఉంది బాబూ, దాంతో మాకు పనుంది" అని చెబుతూ పోయాడు. ఇద్దరు మాత్రం దవడతో పులుసు పెట్టవచ్చునా అని అడిగారట.

దీని మీద గురువును సంప్రదిస్తే, వచ్చిన జనాన్ని వదులుకోవద్దని హితవు చెప్పారు. మా అత్తను అడిగి, చింతపండు ఎంత, ఆవపిండి ఎప్పుడు, ముక్క విరగకుండా దాక ఎలా తిప్పాలి అన్న వివరాలతో వాలుగ పులుసు పేజీ రాశాను. మా దుకాణం మొత్తంలో కీలకపదం లెక్క చూడకుండా రాసిన పేజీ అదొక్కటే. అదే వెతుకులాట ఫలితాల మొదటి పేజీకి ఎక్కింది. పంచెలు మాత్రం రెండో పేజీలో ఏడో వరుసలో ఉన్నాయి. ఊరేగింపు వెళ్ళని వెనకవీధి అది. నాకు తెలిసి అక్కడికి వచ్చేది నేనొక్కణ్ణే, అదీ మేము ఇంకా ఉన్నామో లేదో చూసుకోవడానికి.

అరసవల్లిలో సూర్యనారాయణస్వామి పాదాల మీద ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, లేత కిరణాలు పడతాయి. ఆ రోజులు ముందే తెలుసు కాబట్టి తెల్లవారకముందే జనం వెళ్ళి నిలబడతారు. వరుసలన్నీ తారుమారు చేసే తమరి కోర్ అప్‌డేట్లకు అటువంటి తిథి ఒకటి నియమించమని నా ప్రార్థన. వెలుగు మా మీద పడకపోయినా ఫరవాలేదు, ఏ రోజు స్నానం చేసి సిద్ధంగా ఉండాలో తెలుస్తుంది. ఇంకొక చిన్న మనవి. ఈమధ్య అడిగినవారికి పేజీ తెరిచే శ్రమ కూడా లేకుండా, కృత్రిమ మేధ చేత జవాబు సారాంశాన్ని పైననే చెప్పిస్తున్నారు. అటువంటి ఒక సారాంశంలో, మా రెండు పేజీలనూ కలిపి రుబ్బి, పొందూరు బట్టను వాలుగ చేప నారతో నేస్తారని చెప్పారు. చేపకు నార ఉండదు. దయచేసి దిద్దించగలరు.

మొన్న నరసన్నపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాం. పంక్తిలో పక్కనే కూర్చున్న పెద్దమనిషి మావయ్య కండువా అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, ధర అడిగి, విస్తరి ఎత్తకముందే నాలుగు పంచెలు చెప్పారు. "ఆన్‌లైన్‌లో కూడా ఉన్నారా?" అని అడిగితే, మావయ్య గర్వంగా నా వైపు చూశాడు. ఆయన అక్కడికక్కడే ఫోను తీసి, దుకాణం పేరు కొట్టారు. పులుసు పేజీ తెరుచుకుంది. ఆదివారం వండారట, బాగా కుదిరిందని మావయ్యకు ఫోటో పంపారు. ఆ ఫోటోలో దాక దించడానికి పట్టుకున్న గుడ్డ మా కొత్త పంచె కొంగులా ఉంది. ఆ ఫోటోను ఏ హ్యాష్‌ట్యాగులతో పెట్టమంటారో తమరు సెలవిస్తే పెడతాను.

ఇట్లు,
రెండో పేజీ, ఏడో వరుస నివాసి.