రెండు మేకుల సిద్ధాంతం

సమాజాన్ని అర్థం చేసుకోవాలంటే లావుపాటి పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో మా ఇంటికొచ్చి హాలు గోడ చూస్తే చాలు. దానికి రెండు మేకులున్నాయి. ఒకదానికి మా అమ్మ తెలుగు క్యాలెండర్, రెండోదానికి మా ఆవిడ ఒడియా క్యాలెండర్. రెండో మేకు మా పెళ్లయిన ఏడాది కొట్టాను. మొదటిదాని కంటే రెండంగుళాలు కిందికి పడింది. అది సుత్తి తప్పా, నా తప్పా, లేక మా వంశం తీసుకున్న విధాన నిర్ణయమా అన్న విషయంపై మా ఆవిడ విచారణ ఇంకా ముగియలేదు.

ఆకాశంలో చంద్రుడు ఒక్కడే. పేచీ అంతా పేర్ల దగ్గరే. మా నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్లది పున్నమితో. అందుకని కృష్ణాష్టమి మా అమ్మకి శ్రావణంలోనూ, మా ఆవిడకి భాద్రపదంలోనూ వస్తుంది. రోజు అదే, కృష్ణుడూ ఆయనే, వెన్న కూడా ఒకే గిన్నెలోది.

అసలు సంకటం కార్తీకంలో. దసరా తర్వాత వచ్చే పున్నమి మర్నాడే ఒడియా కార్తీకం మొదలు. ఆ రోజే మా ఆవిడ వంటింట్లోంచి చేపల్ని సాగనంపుతుంది. మా కార్తీకం దీపావళి దాటాక గానీ రాదు. కార్తీక పున్నమి మర్నాడు వాళ్లకి ఛాడఖాయి, నెల్లాళ్లు కట్టుకున్న నోరు విప్పే పండగ. తెల్లారకముందే మాంసం కొట్ల ముందు క్యూలు. నేనూ సంచి పట్టుకుని బయల్దేరబోతాను. ‘‘ఇంకా పదిహేను రోజులుంది నాన్నా, పోలి స్వర్గానికెళ్లనీ’’ అంటుంది అమ్మ. ఒక్క క్యాలెండర్ ఉన్న ఇంట్లో 30 రోజుల ఉపవాసం, రెండున్న ఇంట్లో 45. జాతీయ సమైక్యతకి నేను ఏటా కట్టే పన్ను ఇది.

మా వీధి చివర కోడిమాంసం కొట్టాయన ఇదే లెక్కని తిరగేసి చదివాడు. ‘‘ఆళ్లు మానేసినప్పుడు మీరొస్తారు, మీరు మానేసినప్పుడు ఆళ్లొస్తారు. నడిమి పచ్చం ఒక్కటే నాకు ఏకాదశి బావూ’’ అన్నాడు కత్తి నూరుకుంటూ. ఈ పట్నంలో రెండు పంచాంగాలూ క్షుణ్ణంగా తెలిసిన పండితుడు నాకు తెలిసి ఆయనొక్కడే.

డిసెంబరు 31 రాత్రి ఫోన్లో రెండు భాషల్లోనూ ఒకటే మెసేజీ: జనవరి 1 మన కొత్త సంవత్సరం కాదు! మాది ఉగాది, వాళ్లది ఏప్రిల్ నడుమ వచ్చే పణా సంక్రాంతి. సరే, ఒప్పుకున్నాం. కానీ మెసేజీ పంపినవాళ్ల గోడల మీద కూడా క్యాలెండర్ జనవరి పేజీతోనే మొదలవుతుంది. ఉగాది దాకా మేకు ఖాళీగా ఉంచిన వీరుడు ఇంతవరకూ నా కంటపడలేదు. (బంగారం కొట్టువాళ్లు ఉచితంగా పంచేది డిసెంబరులోనే మరి.)

ఏప్రిల్ 1 గడి చూడండి. 1936లో ఆ రోజున భాష ప్రాతిపదికన ఒడిశా ఏర్పడింది, మా ఊరు అందులోకి వెళ్లింది. ఒడియా క్యాలెండర్లో అది ఉత్కళ దినోత్సవం, తెలుగుదాంట్లో బ్యాంకుల ఖాతాల ముగింపు. ఆగస్టు 29కి సీను తిరగబడుతుంది. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు కనక అది తెలుగు భాషా దినోత్సవం. ఆయన ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలోనే అయినా ఒడియా గడిలో అది ఉత్త తేదీ. ఆ పంతులుగారే సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూడా కట్టారు. సవరలకి మూడో మేకు కొడదామన్న మాట మాత్రం మా హాల్లో ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. గోడ పాడవుతుందట.

ఇక క్యాలెండర్ల అసలు పని పాల లెక్క. అమ్మ తనదాంట్లో రాస్తుంది, మా ఆవిడ తనదాంట్లో రాస్తుంది. పోయిన నెల ఒకటి 42 లీటర్లంది, రెండోది 44 అంది. మా పాలబ్బాయికి రెండు భాషలూ చదవడం వచ్చు. రెండు గోడపత్రాలూ శ్రద్ధగా చూశాడు. 44 మీద వేలు పెట్టి, ‘‘ఇదే శాస్త్రప్రకారం ఉందమ్మా’’ అన్నాడు.